బేస్ గిటార్ బాడీకి: పాత టేకా, పనసా?

1951లో ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ బేస్ గిటార్, ప్రెసిషన్ బేస్, బాడీ యాష్ అనే విదేశీ చెట్టు కర్రతో వచ్చింది. మనకు టింబర్ డిపోలో యాష్ అడిగితే దొరకడం కష్టం. ఇంట్లో చేసుకునేవాళ్లకు అందేవి టేకు, పనస.

పాత ఇళ్లు పడగొట్టిన చోట దొరికే టేకు దూలం ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది, ఇక వంకరపోతుందన్న టెన్షన్ తక్కువ. కోసే ముందు అయస్కాంతంతో తడిమి చూడండి. లోపల మేకు ఉంటే రౌటర్ (చెక్కను తొలిచే మెషిన్) బిట్ గోవిందా! టేకులో నూనె ఎక్కువ. రెండు ముక్కలు అతికించేముందు అంచులను అసిటోన్‌తో తుడిచి, వెంటనే జిగురు పెట్టాలి. సిలికా వల్ల ఉలి పదును కూడా త్వరగా పోతుంది.

పనసకు ఈ జిగురు బాధ అంతగా లేదు. బొబ్బిలి వీణలు చేసేది దీంతోనే. అయితే వీణ కుండ బోలుగా ఉంటుంది, గిటార్ బాడీ 45 మిల్లీమీటర్ల మందం ఉన్న నిండు చెక్క, కాబట్టి ఆ నాదం ఇందులో వస్తుందని ఆశపడొద్దు. ఆంప్లిఫయర్‌కు ప్లగ్ పెట్టాక వినిపించేదాంట్లో పికప్ (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం), తీగల వాటాయే ఎక్కువ. పచ్చి పనస మాత్రం వద్దు, ఆరేకొద్దీ పగులుతుంది. కొత్తలో పసుపుగా ఉండి, పోనుపోను గోధుమరంగుకు తిరుగుతుంది.

బరువులో పెద్ద తేడా లేదు. మేకుల్లేని పాత దూలం దొరికితే నా ఓటు టేకుకే.