బోటుకి "వాటర్‌ప్రూఫ్" స్పీకర్ బాక్సు కొంటున్నారా? డబ్బు కట్టేముందు లోపల చూపించమనండి

నర్సాపురం, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు బోట్లు తిప్పేవాళ్ళు, దిండి హౌస్‌బోట్ల వాళ్ళు, కార్తీక మాసం వనభోజనాల బేరాలకి పాటల సెట్టు పెట్టించుకుందాం అనుకుంటున్నవాళ్ళు ఇది చదివి ముందుకెళ్ళండి. రూ.14,500 పోసి కొన్న చెక్క బాక్సుల జత మా బోటు మీద దసరా దాకా కూడా మన్నలేదు. షాపు పేరు రాయడం లేదు. ఆ సరుకు ఎలా ఉంటుందో, ఎలా అంటగడతారో మాత్రం చెబుతాను.

షాపులో చూస్తే ఎవరికైనా నచ్చుతుంది. నల్లటి గరుకు పెయింటు, మూలలకి స్టీలు క్యాపులు, ముందు ఇనుప జాలీ. అక్కడి కుర్రాడు చెంబుడు నీళ్ళు తెచ్చి బాక్సు నెత్తిన కుమ్మరించి, గుడ్డతో తుడిచి, "చూశారాండీ, చుక్క పీల్చలేదు. మెరైన్ బాక్సండీ ఇది" అంటాడు. ఈ చెంబు నీళ్ళ ముచ్చటంతా కనికట్టు. పెయింటు వేసిన పైముఖం మీద పోస్తే ఏ చెక్కైనా కాసేపు ఆగుతుంది. నీళ్ళు దిగే చోట్లు వేరే ఉన్నాయి: స్పీకరు కోసం కోసిన గుండ్రటి కంత అంచు, స్క్రూ బెజ్జాలు, వైరు బయటికొచ్చే చోటు, నేలకి ఆనే అడుగు పలక. అవేవీ అతను చూపించడు.

మా బాక్సుల్లో ముందు పాట చెడింది. దరువు పడాల్సిన చోట బరబరమని అదురు. తర్వాత అడుగు అంచు ఉబ్బి పెయింటు పొక్కులు లేచింది. జాలీ స్క్రూలు వేలితో తిప్పితేనే ఊడి వచ్చాయి. స్పీకరు ఊడదీసి చూద్దుము కదా, లోపలంతా పచ్చి ఎండీఎఫ్. ఒక్క కోటింగు లేదు. కంత చుట్టూ గోటితో గీకితే పొట్టు రాలుతోంది. స్పీకరు కోను కాగితంది. వైరు తగిలించే టెర్మినల్ దగ్గర రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. దానికీ కారణముంది. సందులు మూయడానికి పూసే సిలికాన్‌లో, ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం ఆమ్లం వదులుతుంది, అది రాగిని తినేస్తుంది. కొత్తలో బాక్సుల్లోంచి గుప్పుమన్న వాసన అదే. తీగల దగ్గర న్యూట్రల్ రకం సిలికానే వాడాలి.

ఎండీఎఫ్ అంటే చెక్కని నారగా చేసి జిగురు కలిపి వేడి మీద నొక్కిన పలక. పై రెండు ముఖాలూ గట్టిగానే ఉంటాయి. కోసిన అంచు మాత్రం గుల్ల. నీరు అక్కడినుంచే లోపలికి పోతుంది, ఒకసారి ఉబ్బితే ఎండబెట్టినా మళ్ళీ మామూలు మందానికి రాదు. ఇంట్లో హాల్లో పెట్టుకునే బాక్సుకి ఎండీఎఫ్ మంచి సరుకే, దాని మీద నాకు కోపం లేదు. బోటు మీద ఇంకో తంటా ఉంది. నల్ల బాక్సు పగలంతా ఎండలో కాగుతుంది, లోపలి గాలి వ్యాకోచించి సందుల్లోంచి బయటికి పోతుంది. చల్లబడగానే అదే సందుల్లోంచి ఉప్పు తేమని లోపలికి లాక్కుంటుంది. లోపల పూత లేకపోతే ఆ తేమని చెక్క తాగుతుంది. బయట పెయింటు గట్టిగా ఉండటంతో అది బయటికి పోలేక పొక్కులై లేస్తుంది. అంటే వాన పడకపోయినా ఈ బాక్సు పాడవుతుంది.

తీసుకెళ్ళి అడిగితే, "ఉప్పు గాలికి ఓడలే తుప్పు పడతాయండీ, చెక్కెంత? మీరు కవరు కప్పలేదేమో" అన్నారు. వాటర్‌ప్రూఫ్ అని అమ్మినదానికి కవరెందుకో చెప్పలేదు. చేతికిచ్చింది బిల్లు కాదు, ఎస్టిమేట్ చీటీ. దాని మీద "స్పీకర్ బాక్స్ 2" అని తప్ప ఇంకో మాట లేదు. ఆ ఒక్క చీటీతో వాళ్ళ గొడవ వదిలిపోయింది.

కాబట్టి "వాటర్‌ప్రూఫ్" అనే మాటకి డబ్బివ్వకండి, ఐఎస్ (భారతీయ ప్రమాణం) నంబరు అడగండి. ప్లైవుడ్‌లో ఐఎస్ 303 ఎంఆర్ రకం తేమకి కొంత ఓర్చుకునేదే తప్ప తడికి పనికొచ్చేది కాదు. మెరైన్ ప్లై అంటే ఐఎస్ 710. దాని జిగురుని 72 గంటలు నీళ్ళలో ఉడకబెట్టి పరీక్షిస్తారు. షీటు మీద ఐఎస్ఐ ముద్ర, కింద సీఎం/ఎల్ (లైసెన్సు) నంబరు ఉంటాయి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. పెయింటు వేసేశాక ముద్ర కనపడదు కాబట్టి, కోయకముందే షీటు చూడాలి, లేదా అదే షీటులో మిగిలిన ముక్క అడిగి తీసుకోవాలి. ఆ ముక్క మందం వర్నియర్‌తో కొలిచి, రాత్రంతా బకెట్లో ముంచి, పొద్దున్నే మళ్ళీ కొలవండి. ముక్క ఇవ్వనంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

మెరైన్ ప్లై అనగానే గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవద్దు. ఊడనిది దాని జిగురు, చెక్క మాత్రం నీళ్ళు తాగుతుంది. రెండు పార్టులు కలిపి పూసే ఎపాక్సీ రెజిన్ లోపలా బయటా, కంత అంచుతో సహా పట్టించాలి. స్క్రూ బెజ్జాలు కాస్త పెద్దవి వేసి, ఎపాక్సీతో నింపి, ఆరాక మళ్ళీ బెజ్జం వేస్తే నీరు చెక్కని తాకదు. ఎపాక్సీ ఎండకి ఆగదు, పైన పీయూ (పాలీయురేథేన్) పెయింటు తప్పనిసరి. ఫైబర్ బోట్లకి మాట్లు వేసేవాళ్ళు తమ దగ్గరున్న పాలియెస్టర్ రెజిన్‌తో చవగ్గా పూసేస్తామంటారు. చెక్కకి అది ఎపాక్సీ అంత గట్టిగా పట్టుకోదు, కొన్నాళ్ళకి పెచ్చులూడుతుంది.

స్పీకరు డబ్బా మీద ఐపీ67 (దుమ్ము, నీళ్ళు లోపలికి పోవని చెప్పే రేటింగు) అని చూపించి బాక్సుకి కూడా అదే వర్తిస్తుందన్నట్టు మాట్లాడతారు. ఆ నంబరు ఆ స్పీకరుకే, బాక్సుకి కాదు. కోను కాగితంది కాకుండా పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌దేనా, దాని చుట్టూ ఉన్న అంచు ఫోము కాకుండా రబ్బరేనా అని కూడా చూడండి.

బిల్లు మీద "ఐఎస్ 710 ప్లై, లోపల బయట ఎపాక్సీ" అని రాయించుకుంటే, తేడా వచ్చినప్పుడు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పుకోవడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. ఇదే సరుకు ఇప్పుడు రేవుల దగ్గరికే ఆటోలో తెచ్చి చూపిస్తున్నారని విన్నాను. నల్ల గరుకు పెయింటు, స్టీలు మూలలు, పక్కన సిద్ధంగా నీళ్ళ చెంబు కనిపిస్తే, ముందు స్క్రూడ్రైవర్ అడగండి.