ఆ గులాబీ రిబ్బను పేజీలో బ్రా కొనకండి

ఆ పేజీ ఏదో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్‌కి గుర్తుగా పెట్టే గులాబీ రిబ్బను బొమ్మ, దాని కింద మన కోసమే పుట్టినట్టు నాలుగు తియ్యటి మాటలు, రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల అక్టోబరు వస్తే చాలు డిస్కౌంట్లు. ఫిర్యాదు పెట్టాను కాబట్టి అది తేలేదాకా పేరు రాయను. కానీ మీరు ఈలోపు డబ్బులు పంపేస్తారేమో అన్న భయంతో ఇది రాస్తున్నా.

రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ల కోసం ప్రత్యేకంగా కుట్టించామని వాళ్లు అమ్మేది మామూలు ప్యాడెడ్ బ్రా. ప్యాడ్ తీసి ఉతుక్కోవడానికి కప్పు పక్కన చిన్న చీలిక ఉంటుంది కదా, దానికి పాకెట్ అని పేరు పెట్టారు. ఆ చీలికకు నా దగ్గర 1,899 రూపాయలు తీసుకున్నారు.

నాకు ఎడమ పక్క మొత్తం తీసేశారు, చంకలో గ్రంథులు కూడా. కీమో, రేడియేషన్ అయ్యాయి. ఇక్కడ చదివేవాళ్లకు ఆ కథ చెప్పక్కర్లేదు. గాయం బాగా మానింది, ఇక తీసేసిన రొమ్ము బదులు బ్రాలో పెట్టుకునే సిలికాన్ ఫామ్ పెట్టుకోవచ్చు, దానికి పాకెట్ ఉన్న బ్రా చూసుకో అన్నారు డాక్టరమ్మ. గుంటూరులో షాపుకెళ్తే కౌంటరు వెనక ఉండేది మగపిల్లలు. సైజెంతండీ అని పది మందికీ వినబడేలా అడుగుతారు. ఒక పక్క లేదు బాబూ అని అక్కడ నిలబడి చెప్పడం నా వల్ల కాలేదు. అందుకని ఫోనులో వెతికి వీళ్లను పట్టుకున్నా.

డబ్బు పంపేదాకా ఆ పేజీ తరఫున మాట్లాడే అమ్మాయి ఎంత ముద్దుగా మాట్లాడిందో! అక్కా, ఏ పక్కక్కా? అక్కా, రేడియేషన్ అయి ఎన్నాళ్లైందక్కా? మా అత్తగారికీ ఇదే అక్కా, మీరేం బాధపడకండి. నేనేమీ బాధపడట్లేదు, బ్రా కొంటున్నా, అంతే. అయినా ఆ పిలుపుకి కరిగిపోయి, మా వదినకు కూడా చెప్పనివన్నీ చెప్పాను. వైరు ఉండకూడదమ్మా, హుక్స్ ముందు వైపు ఉండాలి, నా చెయ్యి ఇంకా వెనక్కి సరిగ్గా తిరగదు. పట్టీలు వెడల్పుగా ఉండాలి, అసలే గ్రంథులు తీసేశాక చెయ్యి వాపు వస్తుందేమోనని భయంతో ఉన్నాను, సన్న పట్టీ భుజంలో దిగకూడదు. లోపల అంతా కాటన్ ఉండాలి. ప్రతిదానికీ ఒకటే జవాబు, "ఉంటుందక్కా." క్యాష్ ఆన్ డెలివరీ లేదా అంటే, ఆడవాళ్లం చిన్నగా చేసుకుంటున్నాం అక్కా, ముందే పంపితే మాకు సాయం చేసినట్టుంటుంది అంది. చేశాను సాయం. నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

పార్సిల్ విప్పితే కప్పు కింద వైరు. హుక్స్ వెనక. లోపల గరగరలాడే లేసు. ఇక పాకెట్ సంగతి. ఫామ్ దాదాపు అర కిలో ఉంటుంది, అరచెయ్యంత వెడల్పు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన సిరిసిల్ల వాళ్లు వచ్చినా దాన్ని ఆ చీలికలో దూర్చలేరు. సరే, పాకెట్ లేకుండా ఊరికే కప్పులో పెట్టి చూద్దామనుకున్నా. వంగగానే జారి పొట్ట మీదికి వచ్చింది.

అంతకంటే భయపెట్టింది ఇంకొకటి. కాసేపే వేసుకున్నా. విప్పాక అద్దంలో చూస్తే రేడియేషన్ పడిన చోట వైరు గీత, ఎర్రగా. నాకు నొప్పే తెలియలేదు. గ్రంథులు తీసినప్పుడు నరాలు దెబ్బతిని చంక కిందంతా మొద్దుబారింది కదా, కోసుకుపోయినా నాకు తెలిసేది కాదు. మామూలు మనిషికి వైరు గుచ్చుకుంటే చిరాకు. మనకు పుండు పడితే, అది చీము పడితే, చెయ్యి వాపు దాకా పోవచ్చు. వాళ్ల అత్తగారికీ ఇదే జబ్బు అన్న అమ్మాయికి ఈ సంగతి తెలియదా?

ట్యాగు కూడా తియ్యలేదు. ఫోటోలు పంపాను, ఫామ్ జారిపోతున్న వీడియో కూడా పంపాను. జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది. అందులో నేను అక్కను కాదు, మేడమ్‌ను. "ప్రోడక్ట్‌లో పాకెట్ ఉంది మేడమ్. ఫిట్టింగ్ ప్రాబ్లమ్ అయితే వేసుకుని ఉన్న ఫోటో పంపండి, మా టీమ్ చూసి చెప్తుంది."

వేసుకుని ఉన్న ఫోటో! మా ఇంట్లో అద్దం ముందు నిలబడటానికే నాకు నెలలు పట్టింది. ఊరూ పేరూ తెలియని "టీమ్"కి నా ఛాతీ ఫోటో పంపాలట, 1,899 రూపాయల కోసం.

ఫోన్ చేశాను. మొదట ఎవరో మగమనిషి ఎత్తాడు, గొంతు వినగానే ఆ అమ్మాయికి ఇచ్చాడు. ఫోటో పంపను, వస్తువు వెనక్కి తీసుకోండి అన్నాను. లోదుస్తులు రిటర్న్ లేవంది. మీరు చెప్పింది ఒకటి, పంపింది ఒకటి కదమ్మా అన్నాను. అప్పుడు అంది చూడండి, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా: "మేడమ్, మీకు సెట్ కాకపోతే అది మా ప్రోడక్ట్ తప్పు కాదు. మీ బాడీ నార్మల్ కాదు కదా."

నాకు నోట మాట రాలేదు. పెట్టేశాక వచ్చాయి మాటలన్నీ. నార్మల్ కాని ఒంటి కోసమే కదే తల్లీ నువ్వు కొట్టు తెరిచింది! ఆ రిబ్బను ఎందుకు పెట్టుకున్నావు, ముచ్చటకా? నార్మల్ ఒళ్లయితే నీ దగ్గరికెందుకు వస్తాను, సందు చివర కొట్లో రెండొందలకి కొనుక్కుని వేసుకునేదాన్ని. ఇవన్నీ వంటింట్లో గిన్నెలకు చెప్పాను. మళ్లీ ఫోన్ చేస్తే నంబరు బ్లాక్.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఏ పక్క, ఎంత సైజు, ఎప్పుడు ఆపరేషన్, అన్నీ నా నోటితో చెప్పించుకుని, చివరికి దాన్నే తీసి నా మొహాన కొట్టింది. అదే మింగుడు పడట్లేదు.

రిటర్న్ లేదని వాళ్లంటే అయిపోయిందనుకోకండి. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే వెనక్కి తీసుకోనని అమ్మినవాళ్లు అనడానికి వీల్లేదు. లోదుస్తులైనా సరే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. తెలుగులోనే మాట్లాడారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఆ అమ్మాయి "ఉంటుందక్కా" అని పంపిన మెసేజీలన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచాను. మీరూ మాటల్లో కాకుండా మెసేజీలోనే అడగండి, అదే పనికొస్తుంది.

కొనే ముందు బ్రా లోపలి వైపు వీడియో పంపమనండి, పాకెట్‌లో చెయ్యి పెట్టి చూపించమనండి. కప్పంతా కప్పేలా రెండో పొర గుడ్డ ఉంటేనే అది పాకెట్. పాత కొలత చెప్పకండి, మందులకు ఒళ్లు మారుతుంది, కొత్తగా కొలుచుకోండి. కింది పట్టీ లోపల రెండు వేళ్లు దూరాలి, చేతులు పైకెత్తితే బ్రా పైకి లేవకూడదు. ఆపరేషన్ అయిన కొత్తలో ఉన్నవాళ్లు సిలికాన్ జోలికి పోకండి, మెత్తటి దూది లాంటివి చాలు. నూలుతో అల్లిన ఫామ్‌లు ఉచితంగా ఇచ్చే స్వచ్ఛంద సంస్థలు మన దేశంలోనూ ఉన్నాయి, మీ ఆసుపత్రిలో నర్సును అడగండి. అవి తేలిక కాబట్టి ఆ పక్క బ్రా కాస్త పైకి లేస్తుంటుంది. ఎక్కువ కాలానికి బరువున్నదే మేలని మా ఫిజియో చెప్పింది, లేకపోతే భుజం ఒక పక్కకు ఒరిగిపోతుందట.

నేను ఇప్పుడు వేసుకుంటున్నది మామూలు కాటన్ బ్రానే. మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడకు చూపిస్తే ఏమీ అడగలేదు, మెత్తటి బనియను గుడ్డ లోపల వేసి పాకెట్ కుట్టి, వంద రూపాయలు చాలంది. ఇంకో రెండు కుట్టమని ఇచ్చి వచ్చాను.

ఫోటో మాత్రం ఎవరడిగినా పంపకండి. ఇప్పటికే ఆ పేజీకి పంపినవాళ్లు ఉంటే నాకు విడిగా రాయండి, కలిసి పోలీసుల దగ్గరికి వెళ్దాం.