మైనస్ 62 చూపించిన స్కానింగ్ సెంటర్

పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని వేరేచోట అల్ట్రాసౌండ్ తీయించుకుంటే రాళ్లు లేవుగానీ, కుడి కిడ్నీలో 2.3 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. తెల్లగా మెరుస్తోంది, కొవ్వు గడ్డ కావచ్చు, క్యాన్సర్ కాదని చెప్పలేం అని రాసిచ్చారు. చిన్న క్యాన్సర్లూ ఒక్కోసారి అలాగే తెల్లగా కనిపిస్తాయట. యూరాలజిస్టు సీటీకి ఇక్కడికి పంపారు.

పదింటికి రమ్మని పన్నెండున్నరకి లోపలికి పిలిచారు. గౌనుకి ఒక్క నాడానే మిగిలింది, రెండోవైపు చేత్తో పట్టుకుని నడిచాను.

స్కాన్‌కి మాత్రం వంక పెట్టలేను. స్కాన్‌లో తేడాలు బాగా కనిపించేందుకు నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు, అది ఎక్కించకముందు ఒకసారి, ఎక్కించాక మళ్లీ తీశారు. (మందు ఎక్కగానే ఒళ్లంతా వేడెక్కి, ఒంటేలు పోసేసుకున్నామా అనిపిస్తుంది. పోసుకోం, కంగారు పడకండి.) సీటీలో ప్రతి చోటు ఎంత తెల్లగా, ఎంత నల్లగా ఉందో ఒక అంకెతో కొలుస్తారు. మందు తర్వాత గడ్డ అంకె 20 యూనిట్లకు మించి పెరిగితే అందులో రక్తం ఆడుతోందని, ఒట్టి నీటితిత్తి కాదని లెక్కట. కొవ్వును మాత్రం మందు లేని స్కాన్‌లోనే వెతుకుతారు.

రేడియాలజిస్టుగారు నన్ను తెర ముందు కూర్చోబెట్టారు. ఈ కొలతలో నీరు సున్నా, గాలి మైనస్ 1000, కొవ్వు సున్నాకి కాస్త దిగువన. అల్ట్రాసౌండ్‌లో తెల్లగా మెరిసే కొవ్వు సీటీలో నల్లగా కనిపిస్తుందట. నా గడ్డలో అలా నల్లగా ఉన్నచోట మౌస్‌తో చిన్న వలయం గీశారు. పక్కన మైనస్ 62 అని పడింది. నేను లెక్కల టీచర్ని. మైనస్ గుర్తు మరిచిన పిల్లలకి ఎన్ని మార్కులు కోశానో! ఆ చిన్న గీతకేసి అలా చూస్తూ ఉండిపోయాను.

"దాదాపుగా ఆంజియోమయోలైపోమానే మేడమ్, అంటే కొవ్వు కలిసిన హాని లేని గడ్డ, క్యాన్సర్ కాదు" అన్నారు.

"దాదాపు ఏంటండీ?"

కొవ్వుండే క్యాన్సర్లు బహు అరుదట, వాటిలో సాధారణంగా కాల్షియం మచ్చలు కూడా కనిపిస్తాయట. నా దాంట్లో లేవు. కొవ్వే లేకపోయుంటే ఇంత తేలిగ్గా తెమిలేది కాదన్నారు. ఆంకోసైటోమా అనే హాని లేని గడ్డకి నడిమధ్య మచ్చ ఉండొచ్చు, క్రోమోఫోబ్ అనే కిడ్నీ క్యాన్సర్‌కీ ఉండొచ్చు, స్కాన్ చూసి తేల్చలేరు. అలాంటప్పుడు బయాప్సీ. దాంతోనూ తేలకపోతే కొందరికి ఆపరేషన్ దాకా వెళ్తుంది. 4 సెంటీమీటర్ల లోపు గడ్డల్ని కోసి తీశాక చూస్తే ఐదింట ఒకటి క్యాన్సర్ కాదని తేలుతుందట. నాకు ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండ్ చాలన్నారు. పెరిగి 4 దాటితే రక్తస్రావం భయం, అప్పుడు చూద్దామని.

ఇంటికొచ్చి రిపోర్టు విప్పితే "ఎడమ కిడ్నీ" అని టైపయి ఉంది! కుడి అని దిద్దించుకోవడానికి మళ్లీ ఒక పూట పట్టింది. అయిదులో ఒక స్టార్ అందుకే కోశాను.