పెరిగిన పీఎఫ్ భారం: కంపెనీ మోయాలా, సీటీసీలో సర్దాలా?

పైడిభీమవరం, బొబ్బిలి వైపు ఫ్యాక్టరీల హెచ్‌ఆర్ వాళ్లు ఈమధ్య కలిసినా, ఫోన్ చేసినా ఇదే ప్రశ్న. 2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు) అమల్లోకి వచ్చాయి. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంతా వేతనం కిందే లెక్క, పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కేసేది ఈ వేతనం మీదే. మరి పెరిగే పీఎఫ్ ఎవరి నెత్తిన?

నెలకు 30,000 తీసుకునే రియాక్టర్ ఆపరేటర్‌నే చూడండి. బేసిక్ 10,000, మిగతాదంతా హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె అలవెన్సు), స్పెషల్ అలవెన్సు. ఇన్నాళ్లూ పీఎఫ్ 12 శాతం చొప్పున అతని వాటా 1,200, కంపెనీ వాటా 1,200. ఇప్పుడు వేతనం 15,000 అయింది కాబట్టి చెరో 1,800. వేతనం ఇంతకు మించినా 15,000 మీద కట్టి ఆపేయొచ్చు, కాబట్టి పెద్ద జీతాల దగ్గర పీఎఫ్‌తో పెద్ద గొడవ ఉండదు. గొడవంతా ఈ ఆపరేటర్ల స్థాయిలోనే.

సీటీసీలోనే, అంటే ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చును పెంచకుండా అందులోనే సర్దేస్తే, రెండు 600లూ అతని జేబులోంచే పోతాయి, చేతికొచ్చేది 1,200 తగ్గుతుంది. కంపెనీ తన వాటా తాను పెట్టుకుంటే 600 తగ్గుతుంది, అదీ అతని ఖాతాలోనే పడుతుంది. వెయ్యి మంది ఉన్న ప్లాంటుకు ఈ రెండో దారి ఏడాదికి 72 లక్షల ఖర్చు. చిన్న మొత్తమేమీ కాదు, ఒప్పుకుంటాను.

అయినా నా ఓటు దానికే. పైడిభీమవరంలో ఫార్మా ప్లాంట్లు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. టీ కొట్టు దగ్గర పే స్లిప్పులు పక్కపక్కన పెట్టి చూసుకుంటారు మనవాళ్లు. "పీఎఫ్ వద్దు సార్, చేతికే ఇచ్చేయండి" అనే కుర్రాడికి 1,200 కోత కనబడితే సంక్రాంతికి ఊరెళ్లి, తిరిగొచ్చేది పక్క గేటుకే. చెయ్యి తిరిగిన ఆపరేటర్ పోతే కొత్తవాణ్ణి తయారుచేసేదాకా షిఫ్టు ఇన్‌చార్జికి టెన్షన్. పైగా తన వాటా కోసం యజమాని జీతం తగ్గించకూడదని 1952 పీఎఫ్ చట్టం 12వ సెక్షనే చెప్పింది. సీటీసీ పేరుతో సర్దడం ఆ సెక్షన్ పక్కనుంచి దూరిపోవడమే.

ఈ పీఎఫ్ సంగతి కాంట్రాక్టర్ చేతిలో పెట్టేద్దాం అనేవాళ్లూ ఉన్నారు. అతను కట్టకపోతే బాధ్యత తిరిగి మీ మెడకే. ఆ దారి వదిలేయండి.

ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ మాత్రం ఏ దారిలో వెళ్లినా పెరుగుతుంది. పదేళ్ల సర్వీసుకు 10,000 మీద 57,692 వచ్చేది, 15,000 మీద 86,538 అవుతుంది. దీనికి 15,000 దగ్గర ఆగే వెసులుబాటు లేదు, మేనేజర్ల దగ్గర అసలు బరువు ఇదే. ఫిక్స్‌డ్ టర్మ్ (ఇంత కాలానికని ఒప్పందం మీద తీసుకున్న) వాళ్లకైతే ఐదేళ్లు ఆగక్కర్లేదు, ఏడాదికే ఇవ్వాలి. ఎల్‌ఐసీ గ్రూప్ గ్రాట్యుటీ లాంటి దాంట్లో ఇప్పటినుంచే జమ చేసుకోవడం నయం.

72 లక్షలు ఒక్కసారి కష్టమైతే వచ్చే ఇంక్రిమెంటులో కొంత తగ్గించుకోండి, అదీ ముందే చెప్పి. పాత స్లిప్పు, కొత్త స్లిప్పు నమూనా తెలుగులో నోటీసు బోర్డు మీద పెట్టాకే ఆ నెల జీతాలు వెయ్యండి.