విశాఖలో వెంగమాంబ కోసం మూడు రోజులు

మాట, పాట రెండూ తామే కట్టే వాగ్గేయకారుల పేర్లు చెప్పమంటే అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్య అంటూ వేళ్ళు మడుస్తాం. రెండు చేతులూ అయిపోయినా ఒక్క ఆడపేరు రాదు. తరిగొండ వెంగమాంబ (1730–1817) హారతి తిరుమలలో ఏకాంతసేవ వేళ రోజూ వినిపిస్తున్నా, ఆవిడను భక్తురాళ్ళ ఖాతాలో వేస్తాం గానీ సంగీతం ఖాతాలో వేయం. అలాంటి ఆడవాళ్ళ పాటల ఆచూకీ కోసం విశాఖ వచ్చేవాళ్ళకు మూడు రోజులు సరిపోతాయి, బస సరైన చోట దొరికితే.

మొదటిసారి వచ్చేవాళ్ళు బీచ్‌రోడ్డు వైపే చూస్తారు. సముద్రం కనిపించే గదికి అద్దె ఎక్కువ. పైగా ఆర్కే బీచ్ రోడ్డును తెల్లవారుజామున నడకకు వచ్చేవాళ్ళ కోసం మూసేస్తారు. పొద్దుటి రైలుంటే సంచులు మోసుకుంటూ పక్కవీధి దాకా నడవాల్సిందే. ఈ పనికి ద్వారకానగర్ గానీ మద్దిలపాలెం గానీ మేలు. ద్వారకానగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్, పౌర గ్రంథాలయం దగ్గరే. మద్దిలపాలెంలో దిగితే ఒకవైపు ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ), మరోవైపు పిఠాపురం కాలనీలో కచేరీలు జరిగే కళాభారతి. కాంప్లెక్స్ పక్క లాడ్జీల్లో రోడ్డువైపు గది తీసుకుంటే రాత్రంతా బస్సుల హారన్లే, కాబట్టి వెనకవైపు గది అడగండి.

మొదటి రోజంతా ఏయూలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయానికే ఇవ్వాలి. బయటివాళ్ళు గుర్తింపు కార్డుతో పాటు, ఏ పుస్తకాలు ఎందుకు కావాలో రాసిన లేఖ పట్టుకెళ్ళాలి. తాళపత్రాలు చూడాలంటే ముందే ఫోన్ చేసి అడగడం మంచిది. చాలామంది బోల్తా పడేది కేటలాగు దగ్గర. 'సంగీతం' కింద వెతికితే ఈ ఆడవాళ్ళెవరూ దొరకరు. వెంగమాంబ రాసిన యక్షగానాలు, అంటే పాటలతో నడిచే ఆటలు, నాటకాల్లోనో భక్తి సాహిత్యంలోనో ఉంటాయి. తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువులోని రంగాజమ్మ రాసిన మన్నారుదాస విలాసమూ అంతే. పేరును కూడా వెంగమాంబ, వేంగమాంబ, వెంకమాంబ, తరిగొండ, తరికొండ అని అన్ని రకాలుగా వెతకాలి. ఒక్క అక్షరం తేడాతో పుస్తకం లేదనుకుని తిరిగి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ.

తంజావూరు కవయిత్రి ముద్దుపళని కావ్యం రాధికా సాంత్వనం అడిగితే ఏ అచ్చో చూసుకోండి. 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ వేయించిన ప్రతిలో కవయిత్రి తన వంశం గురించి చెప్పుకున్న అవతారిక ఉంది. అంతకు ముందరి అచ్చులో దాన్ని వదిలేశారు. ఆ 1910 ప్రతి మీదే నిషేధం పడింది. అది తొలగింది ప్రకాశం పంతులు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా (1946–47) ఉన్నప్పుడు. అంత పాత పుస్తకాన్ని జిరాక్సు యంత్రం మీద బోర్లా పెట్టి నొక్కితే వెన్ను విరుగుతుంది. అనుమతి తీసుకుని, ఫ్లాష్ లేకుండా ఫోన్‌లో ఫొటో తీసుకోవడమే పద్ధతి. వెంగమాంబ రచనల మటుకు టీటీడీ ఈ-పుస్తకాల్లో ఉచితంగా ఉన్నాయి. బయల్దేరే ముందే దించుకుని, ఒక దరువును (యక్షగానంలోని పాటను) పెద్ద అక్షరాల్లో కాగితం మీద రాసుకోండి. రెండో రోజు దానితో పని పడుతుంది.

ఆ రోజు విజయనగరం. రైల్లో 61 కిలోమీటర్లు, గంట ప్రయాణం. కాంప్లెక్స్ నుంచి బస్సులున్నా రైలే హాయి. సంగీత కళాశాల 1919లో పెట్టింది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ చెప్పారు, పి. సుశీల ఇక్కడే చదివారు. అది తరగతులు నడిచే చోటు, ప్రదర్శనశాల కాదు. ఆదివారం వెళితే గోడలు చూసి రావాలి. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం, ఆ రోజు ఊళ్ళో అడుగు పెట్టే చోటుండదు. ఖాళీ చేతులతో వెళ్ళి "ఆడవాళ్ళ కీర్తనలేమైనా ఉన్నాయా అండీ?" అంటే ఎవరైనా ఏం చెబుతారు! కాగితం మీది దరువు చూపించి, ఇందులో రాసిన తాళంలోనే ఒకసారి పాడతారా అని అడగండి.

ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. యక్షగానాల్లో దరువు మీద రాగం పేరు, తాళం పేరు ఉంటాయి, ఎలా పాడాలో చెప్పే వర్ణమెట్టు ఉండదు. త్యాగయ్య పాటను శిష్యులు నోటితో మోసుకొచ్చారు. వెంగమాంబ దరువులకు అలాంటి మోత తక్కువ. ఇప్పుడు కొత్తగా బాణీ కట్టేవాళ్ళు చేతికొచ్చిన ఆదితాళంలో పెట్టేస్తారు. జంపె తాళంలోని దరువు అయిదేసి మాత్రల నడక: తకతకిట, తకతకిట. రెండు తునకలు కలిస్తే మిశ్రజంపె తాళం ఒక చుట్టు, అంటే ఆవర్తనంలోని 10 అక్షరాలు నిండుతాయి. అదే మాటను నాలుగేసి అక్షరాల ఆదిలోకి తోస్తే ప్రతి తునకలోనూ ఒక మాత్ర మిగులుతుంది. దాన్ని సర్దడానికి గాయని ఒకచోట పొడుగు అక్షరాన్ని (గురువును) నొక్కేస్తుంది, ఇంకోచోట పొట్టి అక్షరాన్ని (లఘువును) సాగదీస్తుంది. యతి అక్షరం తేటగా వినపడాల్సిన చోట ఊపిరి తీయాల్సి వస్తుంది. విన్నవాళ్ళు "సాహిత్యం బాగుంది గానీ పాటలో పస లేదు" అంటారు. పస లేనిది పాటలో కాదు, చేతి లెక్కలో.

ఇటీవలి ఆడ వాగ్గేయకారులకు ఈ బాధ తక్కువ. కల్యాణి వరదరాజన్ 72 మేళకర్తల్లోనూ (మూల రాగాల్లోనూ) రచించారు, తెలుగులో కూడా. అంబుజం కృష్ణ (1917–1989) సాహిత్యం రాస్తే చాలావాటికి పేరున్న విద్వాంసులు స్వరం కట్టారు. పాట నిలవాలంటే ముందు స్వరం కాగితం మీద ఉండాలి.

మూడో రోజు సింహాచలానికి పూట చాలు. విశాఖ స్టేషన్ నుంచి సుమారు 16 కిలోమీటర్లు, కొండ కింద నుంచి దేవస్థానం బస్సుంది. పాటల్లో వెంగమాంబ సంతకంగా పెట్టుకున్న ముద్ర తరిగొండ నృసింహుడి పేరే కనుక, ఆ కాగితం ఇక్కడి మండపంలో పైకి చదివి చూస్తే బాగుంటుంది, గర్భాలయం వరుసలో మాత్రం వద్దు. అక్షయతృతీయ నాటి చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమి నాటి 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ ఉన్న రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. అక్టోబరు, నవంబరుల్లో తుపానుల భయం. డిసెంబరు, జనవరి నయం.

సాయంత్రాలకు కళాభారతి. ఏ రోజు కచేరీ ఉందో ముందే కనుక్కోవాలి, ఊరికే వెళితే తలుపులు మూసి ఉండొచ్చు. ఫలానా పాట కావాలని అప్పటికప్పుడు చీటీ పంపితే లాభం లేదు. పక్కన వయొలిన్ వాయించేవారికి ఆ బాణీ తెలియాలిగా! కనీసం వారం ముందు స్వరంతో సహా నిర్వాహకులకు చేర్చాలి. ఒప్పుకున్నా ఆ పాట ప్రధాన కీర్తన స్థానంలో రాదు. మృదంగం వాళ్ళు విడిగా వాయించే తని అయ్యాక, చివరి చిన్న పాటల్లో (తుక్కడాల్లో) వస్తుంది, అప్పటికి సగం కుర్చీలు ఖాళీ. తిరుగు ఆటోను మంగళం పాడాకే బుక్ చేసుకోండి.