యూనివర్సిటీలో ‘సఖారాం బైండర్’ వేశాం, లైట్లూ సౌండూ ఈ షాపువే

పెళ్లి రిసెప్షన్‌కి డీజే లైట్లు వెతుక్కునేవాళ్లకి ఈ రివ్యూ ఉపయోగపడదు. కాలేజీలోనో యూనివర్సిటీలోనో నాటకం వేద్దామనుకుని, లైట్లకి ఎవర్ని అడగాలో తెలీక ఆగిపోయేవాళ్ల కోసం రాస్తున్నా. విజయవాడ గవర్నర్‌పేటలో ఉన్న ఈ షాపు వాళ్లకి ఐదు స్టార్లు ఇచ్చా, ఎందుకిచ్చానో వివరంగా చెప్తా, నచ్చని విషయాలు కూడా ఉన్నాయి అవీ చెప్తా.

మేం వేసింది విజయ్ టెండూల్కర్ రాసిన సఖారాం బైండర్. 1972లో మరాఠీలో స్టేజి మీదకొచ్చిన నాటకం. సఖారాం ప్రెస్సులో పుస్తకాలు బైండింగ్ చేస్తాడు, మొగుళ్లు వదిలేసిన ఆడవాళ్లని ఇంటికి తెచ్చుకుంటాడు, తిండీ బట్టా ఇస్తా నేను చెప్పినట్టు ఉండాలి, పడకపోతే నీ దారి నీదే, పెళ్లీ గిళ్లీ ఏం లేదు అంటాడు. ముందు లక్ష్మి వస్తుంది, ఆమె వెళ్లిపోయాక చంప వస్తుంది, తర్వాత దిక్కులేక లక్ష్మి మళ్లీ అదే గుమ్మంలోకి వస్తుంది, ఇద్దరూ ఒకే కప్పు కింద. కొట్టడం, తాగడం, చివర్లో హత్య, అన్నీ స్టేజి మీదే. అప్పట్లో కొన్ని ప్రదర్శనలు అయ్యాక సెన్సార్ వాళ్లు ఆపేస్తే డైరెక్టర్ కమలాకర్ సారంగ్ బాంబే హైకోర్టుకెళ్లి గెలిచి మళ్లీ ఆడించారు. యాభై ఏళ్లు దాటింది, అయినా మా క్యాంపస్‌లో పేరు చెప్పగానే ఇది అవసరమా మేడమ్ అన్నవాళ్లే ఎక్కువ. 2022లో మన ప్రభుత్వం చింతామణి నాటకాన్నే నిషేధించింది కదా, వందేళ్ల నాటకానికే అట్లా అయితే దీనికెట్లా అని ఒక సార్ అడిగారు, ఆ భయం నాకు అర్థమైంది, అందుకే యూనివర్సిటీ కమిటీ వాళ్లకి స్క్రిప్ట్ మొత్తం చదివి వినిపించా, ఒక్క సీను కూడా దాచలేదు. టికెట్ లేకుండా, మా స్టూడెంట్లు, స్టాఫ్, పిల్లల తల్లిదండ్రులు మాత్రమే చూసేటట్టు ఒప్పుకున్నారు.

ఇక లైట్లు. బెజవాడలో, గుంటూరులో చాలామందికి ఫోన్ చేశాం. అందరూ అడిగేది ఒకటే, డాన్సులు ఎన్ని, సాంగ్స్ ఎన్ని, ఎల్‌ఈడీ వాల్ కావాలా, స్మోక్ కావాలా. డాన్సులు లేవండీ, రెండు గదుల ఇల్లు, నలుగురైదుగురు మనుషులు, రెండు గంటల పైన మాటలు అంటే అవతల మాట ఉండేది కాదు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకి రోజూ వచ్చే పని అది. ఈ షాపులో మాత్రం కౌంటర్ దగ్గర కూర్చున్న పెద్దాయన, మేమంతా ఇప్పుడు బాబాయ్ గారు అనే పిలుస్తాం, అడిగిన మొదటి మాట “స్క్రిప్ట్ ఉందామ్మా?” అని. ఇచ్చి వచ్చా. తర్వాత ఆయనే ఫోన్ చేసి ఇది హాలోజన్లతో చెయ్యాలమ్మా, ఎల్‌ఈడీతో కాదు, రిహార్సల్ ఎప్పుడు పెట్టుకున్నారు, నేనొచ్చి చూడాలి అన్నారు. అక్కడే నాకు సగం ధైర్యం వచ్చింది.

ఆయన పరిషత్తు నాటకాలకి, అంటే నాటక పోటీలకి, లైట్లు పెట్టిన మనిషి. గుంటూరు జిల్లాలో పరిషత్తు పోటీలు చూసినవాళ్లకి తెలుసు, ఒక నాటిక అయిపోగానే కొద్ది నిమిషాల్లో ఇంకో నాటిక సెట్ నిలబడాలి, ఉన్న లైట్లతోనే అందరికీ సర్దాలి. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో, గుంటూరు వెంకటేశ్వర విజ్ఞానమందిరంలో పనిచేసిన చేతులు అవి. మా పిల్లల్ని కూర్చోబెట్టి మాభూమి నాటకం గురించి చెప్పారు, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసింది, ప్రజానాట్యమండలి వాళ్లు ఊరూరా ఆడుతుంటే 1940ల్లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది, నాటకం అంటే భయపడటం మనకి కొత్త కాదమ్మా అన్నారు. రిహార్సల్లో బిక్కుబిక్కుమంటున్న పిల్లలు ఆ మాట విన్నాక తల ఎత్తి డైలాగ్ చెప్పడం మొదలుపెట్టారు.

ఎల్‌ఈడీ ఎందుకు వద్దన్నారో రిహార్సల్లో చూపించారు. చవక ఎల్‌ఈడీ స్టేజి లైట్లు ఫుల్‌గా ఉన్నప్పుడు బానే ఉంటాయి కానీ బాగా తగ్గించేటప్పుడు మెట్లు దిగినట్టు ఒక్కో కుదుపుతో తగ్గి చివర్లో టప్‌మని ఆరిపోతాయి. పాత హాలోజన్ ఫ్రెనెల్ లైటు (అంచులు మెత్తగా కలిసిపోయే వెలుగునిచ్చే స్టేజి లైటు) డిమ్మర్ మీద, అంటే వెలుగు తగ్గించి పెంచే పెట్టె మీద, తగ్గిస్తుంటే ఫిలమెంటు మెల్లగా ఎర్రబడుతూ పోతుంది, మనిషి మొహం చామనఛాయ నుంచి చీకట్లోకి జారుతుంది. ఈ నాటకానికి కావాల్సింది అదే, ఎందుకంటే ఇందులో చాలా సీన్లు ఇంట్లో పొద్దుగూకాక జరుగుతాయి. వెయ్యి వాట్ల ఫ్రెనెల్ లైట్లు తెచ్చారు, పది వెలిగిస్తే పది కిలోవాట్లు, మా హాల్లో గోడకున్న 15 ఆంపియర్ల సాకెట్ ఒక్కోటి మూడు కిలోవాట్లకి కొంచెం పైన మాత్రమే లాగుతుంది. చాలా ఈవెంట్ వాళ్లు ఎక్స్‌టెన్షన్ బాక్సుల మీద బాక్సులు పెట్టి నెట్టుకొస్తారు. బాబాయ్ గారు ముందే హాలుకొచ్చి, యూనివర్సిటీ ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ ప్యానెల్ దగ్గర మూడు ఫేజుల నుంచి లైను లాగి లోడు సమానంగా పంచారు, ఎర్తింగ్ చెక్ చేశాకే ఒక్క లైటైనా వెలిగించారు. స్టేజి మీద నా స్టూడెంట్లు ఉన్నారు, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే.

మా హాలు నాటకానికి కట్టింది కాదు. మీటింగులకి, కాన్వొకేషన్‌కి కట్టారు. వింగ్స్ (నటులు చాటుగా నిలబడే పక్క తెరలు) లేవు, ముందు వైపు లైట్లు కట్టుకోడానికి పైన బార్ లేదు, నేల మీద మేకు కొట్టకూడదు. ముందు లైట్లని హాలు పక్క దారుల్లో ఎత్తు స్టాండ్ల మీద, మొహం మీద నలభై ఐదు డిగ్రీల ఏటవాలుగా పడేటట్టు పెట్టారు, అట్లా పెడితే నీడ వెనక గోడ మీద కాకుండా నేల మీద పడుతుంది, కళ్లు గుంటల్లా కనపడవు. ప్రతి స్టాండ్‌కీ సేఫ్టీ చైను, కింద ఇసక మూటలు. వైర్లన్నీ నేలకి టేపు వేసి మ్యాట్ కింద పెట్టారు. సెట్ ఫ్రేములకి కూడా మేకులు లేకుండా వెనక ఊత కర్రలు, బరువులు. ముందు గదికీ వంటింటికీ మధ్య గోడ కట్టలేదు, గోడ పని లైటే చేసింది. ముందు గది కొంచెం తెల్లగా, వంటిల్లు పసుపుగా, పైనుంచి వేలాడే గుండు బల్బు ఒకటి, అది కూడా డిమ్మర్ మీదే.

చీమ సీను చెప్పాలి. లక్ష్మి ఒంటరిగా కూర్చుని చీమతో మాట్లాడుతుంది, ఆమెకి ఆ ఇంట్లో మాట్లాడే తోడు అదే, చాటుగా సఖారాం వింటాడు. నేను మామూలుగా మొత్తం వంటిల్లంతా వెలిగించమన్నా. బాబాయ్ గారు వద్దమ్మా అని, లైటు ముందు రేకులు దగ్గరకి మూసి పళ్లెమంత వెలుగు మాత్రం నేల మీద వదిలారు, లక్ష్మి వేసిన అమ్మాయి దాని అంచున వంగి కూర్చుంది, మొహానికి కింద నుంచి తిరిగొచ్చిన వెలుగు మాత్రమే. హాల్లో నవ్వుతారేమో అనుకున్న సీను అది. ఎవరూ నవ్వలేదు.

వినాయక చవితి సీను ఇంకా కష్టం. సఖారాం స్నేహితుడు దావూద్ హారతి పాడబోతే ముస్లిం అని లక్ష్మి ఆపుతుంది, దానికి సఖారాం ఆమెని బెల్టుతో కొడతాడు. మా కమిటీలో ఎక్కువ చర్చ జరిగింది ఈ సీను మీదే. మతం గురించి ఉంది, దెబ్బలున్నాయి, పిల్లలు చూస్తారు. తీసేస్తే మాత్రం నాటకమే ఉండదు, ఎందుకంటే సఖారాంలో మంచీ దుర్మార్గమూ ఒకే చేత్తో బయటికొచ్చే చోటు అది, స్నేహితుడి వైపు నిలబడిన మనిషే ఆడమనిషి వీపు చీరేస్తాడు, చూసేవాడు ఎటు మొగ్గాలో తెలీక ఇబ్బంది పడాలి. బాబాయ్ గారు ఒక లైటుని నేల మీద పక్కగా పెట్టి సఖారాం నీడని వంటింటి గోడ మీద పెద్దదిగా పడేటట్టు చేశారు. బెల్టు లేవడం నీడలో కనిపిస్తుంది, దెబ్బ వెలుగు బయట నేల మీద పడుతుంది, లక్ష్మి మొహం మాత్రం పూర్తి వెలుగులో. అమ్మాయికి ఒక్క దెబ్బ తగల్లేదు, ఆమె తల్లిదండ్రులు మూడో వరసలోనే కూర్చున్నారు, వాళ్లు నాటకం అయ్యాక నా దగ్గరకొచ్చి చూడలేకపోయామమ్మా కానీ చివరిదాకా చూశాం అన్నారు. చివర హత్యకి కూడా చీకటి చెయ్యొద్దన్నారు ఆయన. చీకటి చేస్తే జనం ఊపిరి పీల్చుకుంటారమ్మా అన్నారు. అందుకే తగ్గించారు తప్ప ఆర్పలేదు, లక్ష్మి పాతిపెట్టమని తొందర పెడుతుంటే గుండు బల్బు ఒక్కటే వెలుగుతూ ఉంది.

సౌండు వాళ్లబ్బాయి చూశాడు, మా పిల్లలు అన్నా అన్నా అంటూ వాడి వెనకే తిరిగారు. కాలర్ మైకులు పెట్టనన్నాడు, కొట్టుకునే సీన్లలో బట్ట రాసుకుని గరగరమంటుంది అని. స్టేజి అంచున ఫుట్ మైకులు, పైన రెండు మైకులు వేలాడదీసి, గొంతు కొంచెం మాత్రం ఎత్తాడు, మిగతాది నటుల గొంతే. ఖాళీ హాల్లో గొంతు బాగా ప్రతిధ్వనిస్తుంటే మేం కంగారుపడ్డాం, జనం నిండాక తగ్గుతుందక్కా, బట్టలూ మనుషులూ సౌండుని తాగేస్తారు అన్నాడు, నిజంగానే తగ్గింది. సఖారాం మృదంగం వాయిస్తాడు కదా, దాన్ని రికార్డింగ్ పెట్టకుండా మా స్టూడెంట్ చేతే పక్కన కూర్చుని లైవ్‌గా వాయించాం, దానికి ఒక్క మైకు, సబ్ ఊఫర్లు ఆపేసి. డీజే బాస్ పెట్టుంటే ఆ ఇంట్లో రాత్రి నిశ్శబ్దం అంతా పోయేది.

నచ్చనివి. షో రోజు వ్యాన్ లేటుగా వచ్చింది, కృష్ణ మీద వారధి దగ్గర ట్రాఫిక్ అన్నారు, ఆ రూటు తెలిసిన మనం అరగంట ముందు బయల్దేరాలి, వీళ్లూ బయల్దేరాలి. కాజ టోల్ డబ్బులు, జనరేటర్ డీజిల్ విడిగా వేశారు, కొటేషన్‌లో రాయలేదు, అడిగితే ఎప్పుడూ అంతేనమ్మా అన్నారు, అది పద్ధతి కాదు, ముందే రాసివ్వాలి. ఒక డిమ్మర్ ప్యాక్ సన్నగా హమ్ కొట్టింది, చీమ సీన్లో మొదటి వరసల వాళ్లకి వినపడింది కూడా. లైటు ఆపరేటర్‌కీ స్టేజి వెనక ఉన్నవాళ్లకీ మాట్లాడుకోడానికి టాక్‌బ్యాక్ సెట్లు వీళ్ల దగ్గర లేవు, మేం ఫోన్ కాల్‌లో ఉండి నడిపించాం, రెండు గంటల నాటకానికి అది సరిపోదు, వీళ్లు కొనాలి. ఫ్రెనెల్ బల్బులు ఇప్పుడు దొరకడం కష్టమవుతోంది, స్పేర్లు ఇంకొన్ని పెట్టుకుంటే మంచిది.

రేటు గురించి అడిగేవాళ్లుంటారు. రిహార్సల్ రోజూ షో రోజూ కలిపి లైట్లు, సౌండు, ఇద్దరు ఆపరేటర్లు, 24,000. టోల్, డీజిల్ విడిగా అని చెప్పా కదా. ఎల్‌ఈడీ సెటప్ దీనికన్నా తక్కువకి వస్తుంది, నిజమే. కానీ రిహార్సల్‌కి ఆపరేటర్ వచ్చి కూర్చోవడం ఆ రేటులో రాదు. క్యూ షీటు పిల్లలతో కలిసి రాశారు, ఏ డైలాగ్‌కి ఏ లైటు అని, షోలో మా పిల్లే క్యూ చెప్పింది, బాబాయ్ గారు ఆమె చెప్పే వరకు ఫేడర్ (లైటు తగ్గించి పెంచే మీట) కదపలేదు. వయసులో మనవరాలంత పిల్ల మాట విని పనిచేశారు, స్టేజి మేనేజర్ అంటే ఏంటో మా వాళ్లకి ఆ రోజు తెలిసింది.

షో అయ్యాక చర్చ పెట్టాం. కోపంగా మాట్లాడినవాళ్లు ఉన్నారు, ఇలాంటి మగాడిని అంత దగ్గరగా చూపించడం ఎందుకు అని ఒకమ్మాయి నిలదీసింది, లక్ష్మి భక్తిని అవమానించారని ఒక సార్ అన్నారు, మా పిన్ని బతుకు ఇదే అని ఇంకో అబ్బాయి చెప్పి కూర్చున్నాడు. చాలా రాత్రి దాకా సాగింది. ఆ టైమ్‌లో సామాను సర్దుకుని వెళ్లిపోవచ్చు వీళ్లు, కానీ హాలు లైట్లు అంత బాగుండవని స్టేజి మీద రెండు ఫ్రెనెల్‌లు వెలిగించి ఉంచి, చర్చ అయ్యేదాకా వెనక నుంచుని విన్నారు, దానికి ఎక్స్‌ట్రా అడగలేదు.

బుక్ చేసేవాళ్లు టోల్, డీజిల్, జనరేటర్ సంగతి కాగితం మీద రాయించుకోండి. హాల్లో మెయిన్ ప్యానెల్ ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గరుందో ముందే కనుక్కుని ఉండండి. స్క్రిప్ట్ ఒక కాపీ జిరాక్స్ తీసి పట్టుకెళ్లండి, బాబాయ్ గారు అది చదివాకే ఏ లైట్లు ఇవ్వాలో చెప్తారు.