ఆరేళ్ల తర్వాత నా లిబరేటర్ గురించి

ముక్కలు అతికించి చేసుకునే పాత ప్లాస్టిక్ విమానం కిట్ కొనాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాది బి-24 లిబరేటర్ బాంబర్, 1/72 స్కేలు, అంటే అసలు విమానంలో 72వ వంతు, అచ్చు 1960ల నాటిది. చిరిగిన పెట్టెలో సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, చేయడానికి ఎనిమిది నెలలు పట్టింది, షెల్ఫు ఎక్కి ఆరేళ్లయింది.

లిబరేటరే ఎందుకంటే మన ఎయిర్‌ఫోర్స్ వాడిన విమానం కాబట్టి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాళ్లు కాన్పూర్‌లో పాడుచేసి పడేసి పోయిన తుక్కులోంచి విమానాలు తయారుచేసే మన హెచ్ఏఎల్ వాళ్లు 40కి పైగా బాగుచేసి ఎగిరించారు, 1948లో ఐదో నంబరు స్క్వాడ్రన్ వాటితోనే మొదలైంది, 1968 దాకా వాడారు. అలాంటిదాన్ని ఇట్టే అతుక్కునే కొత్త కిట్‌తో చేస్తే మజా ఏముంటుందనుకున్నాను. అనుకున్నందుకు అనుభవించాను.

బాడీ రెండు సగాలూ కలిపితే వీపు మీద గోరు దూరేంత సందు. పుట్టీ పెట్టి నీళ్లలో తడిపి వాడే గరుకు కాగితంతో రుద్దడమే పని. ఇక రివెట్లు, ఒళ్లంతా చెమటకాయలు పేలినట్టు! పైన మొత్తం అరగదీశాను, రెక్కల కింద ఎవరు చూస్తారులే అని వదిలేశాను. ఇంటికొచ్చే పిల్లలంతా కిందినుంచే చూస్తారని అప్పుడు తట్టలేదు.

టరెట్లు, అంటే తుపాకులుండే గూళ్లు, తిరుగుతాయి, రెక్కల అంచులు కదులుతాయి, అప్పటి పిల్లలు ఆడుకోవాలని అలా పెట్టారేమో, మనకి మాత్రం ప్రతిచోటా సందే. తోక టరెట్ తప్ప అన్నీ అతికించేశాను. నాలుగు ప్రొపెల్లర్లలో మూడు ఇప్పటికీ ఊదితే తిరుగుతాయి, నాలుగోదాంట్లోకి జిగురు పోయింది, అది నా పాపమే.

కిట్‌లో వచ్చిన, నీళ్లలో నానబెట్టి అతికించే అమెరికన్ గుర్తులు నాకు అక్కర్లేదు కానీ చూద్దామని ఒకటి నీళ్లలో వేస్తే మూడు ముక్కలైంది. మీకు అవే కావాలంటే ముందు వాటిమీద క్లియర్ లాకర్ కొట్టి, బాగా ఆరాకే నీళ్లలో వేయండి. నేను కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు మాస్కింగ్ టేపు గుండ్రంగా కోసి పెయింట్ చేశాను, ఆరేళ్లయినా చెక్కుచెదరలేదు. అద్దాలకి సూపర్ గ్లూ మాత్రం వాడకండి, తెల్లగా పొగబారతాయి, కాక్‌పిట్ పక్క కిటికీకి ఇంకా శుక్లం అలాగే ఉంది.

అసలు తలనొప్పి బరువు. దీనికి ముందు చక్రం ఉంటుంది, ముక్కులో బరువు వేయకపోతే తోక మీద చతికిలపడుతుంది. చేపల వలకి కట్టే సీసం గుళ్లు కొనుక్కొచ్చి కాక్‌పిట్ వెనక కుక్కాను. బాగానే నిలబడింది, మూడో వేసవికల్లా ఆ బరువుకి చక్రాల కాళ్లు పక్కలకి వంగిపోయాయి. స్టీలు తీగ దూర్చి సరిచేశాను. పోయినేడాది దుమ్ము దులుపుతుంటే లోపల ఏదో గలగలమంది, గుళ్లు ఊడి వెనక్కి దొర్లాయి, విమానం టక్కున తోక మీద కూర్చుంది. అన్నీ అతికేశాక లోపలికి వెళ్లే దారేది?

తోక కింద అగ్గిపుల్ల పెట్టాను. అసలు లిబరేటర్లకి కూడా నేలమీద ఉన్నప్పుడు తోక కింద కర్ర పెట్టేవాళ్లట, అడిగినవాళ్లకి అదే చెప్తున్నాను.